పొత్తిగుడ్డలు మార్చు తావు

ఇంట బిడ్డ పుట్టబోవుచున్నదనగానే మనము ఉయ్యాలను గూర్చి యోచింతుము. పక్కను గూర్చి, నీళ్ళు పోయువారిని గూర్చి, పెట్టవలసిన పేరును గూర్చి యోచింతుము. దినమునకు పదిమాఱులో పండ్రెండుమాఱులో ఆ బిడ్డకు తడిగుడ్డ తీసి పొడిగుడ్డ కట్టవలసియుండును గదా, ఆ పని యెక్కడ చేయవలెనని ముందుగా యోచించువారు మిక్కిలి తక్కువ. బిడ్డ యెక్కడ తడిపిన అక్కడనే గుడ్డ మార్చుట మన యిండ్ల వాడుక. మంచముమీద ఒకమాఱు, సోఫామీద ఒకమాఱు, భోజనపు బల్లమీద సైతము ఒకమాఱు. ఇప్పుడు పట్టణములందలి దుకాణములలో డైపరులు మార్చుటకని యెత్తైన బల్లలు అమ్మజూపుచున్నారు. అట్టి బల్ల కొనవలెనా యని మమ్ము కొందఱు సోదరీమణులు అడిగియున్నారు. బల్ల కొనవలసిన పని లేదు. కాని యింటిలో ఒక తావును ఏర్పఱచుకొనవలసిన పని మాత్రము తప్పక కలదు. ఆ తావు నేలమీదనే యుండుట మేలని మా అభిప్రాయము. ఎందులకో చెప్పెదము.

పసిబిడ్డ పడిపోవుటకు ఎంతో సేపు పట్టదు. తల్లి వెనుకకు తిరిగి బీరువాలోని గుడ్డ యందుకొనునంత సేపు చాలును. "మావాడు ఇంకను బోర్లపడుట నేర్వలేదు" అను ధైర్యము నమ్మదగినది కాదు. నెల దాటని బిడ్డయు మడమలతో పక్కను తన్ని జానెడు దూరము జరుగగలదు. నాలుగవ నెల వచ్చుసరికి బోర్లపడుట నేర్చును. మొదటిమాఱు బోర్లపడునది ఏ దినముననో ఏ బిడ్డయు ముందుగా తల్లికి చెప్పదు.

ఇందు మన యాచారమువలన మఱియొక చిక్కు కలదు. తొలికాన్పు పుట్టింట జరుగును. మూడవ నెలనో అయిదవ నెలనో తల్లి బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి వచ్చును. అంతవఱకు అమ్మమ్మ చేతిలో, నేలమీది చాపపై పెరిగిన బిడ్డ, సరిగా బోర్లపడుట నేర్చు దినములలోనే క్రొత్త యింటికి, ఎత్తైన మంచముమీదికి వచ్చుచున్నది. పుట్టింట గుడ్డలెక్కడనుండునో, వేడినీళ్ళెక్కడ నుండునో తల్లికి తెలియును. ఇచ్చట తెలియదు, అడుగుటకు మొగమాటము. మా వీధిలో గత యేడు ఒక యింట ఇట్లే జరిగినది. అయిదవ నెల బిడ్డ. తల్లి ఒకచేయి బిడ్డమీద నుంచి రెండవచేతిని గుడ్డలకొఱకు చాచినది. గుడ్డలు బెత్తెడు దూరమున నున్నవి, అందలేదు. అందుకొనుటకై మొదటి చేతిని తీసినది. అంతలో బిడ్డ మంచముమీదినుండి రాతిపలకల నేలపై పడినది. బిడ్డను రెండు దినములు ఆసుపత్రిలో నుంచుకొని, భయము లేదని చెప్పి పంపిరి. కాని ఇంటి పెద్దలు ఆ పిల్లను ఎంతెంత మాటలనిరో మేము చెవులార వింటిమి. "కన్నతల్లివి, అంత పరాకా?" అనిరి. మేము ఆమెను తప్పుపట్టజాలము. ఆమె పరాకున లేదు. ఆమె చేయి బిడ్డమీదనే యున్నది. గుడ్డలు ఉండవలసిన చోట లేవు. వాని నక్కడ పెట్టవలసిన వారు ఆ యింట ఆఱుగురు కలరు.

పడిన మాట వచ్చినది గావున ఇది కూడ చెప్పి ముందునకు సాగెదము. మూడు నెలల లోపలి బిడ్డ ఏ యెత్తునుండి పడినను వైద్యునికి చూపవలెను. పెద్దబిడ్డయైనను, పడినవెంటనే స్పృహ తప్పినను, మాటిమాటికి వాంతి చేసికొన్నను, లేపిన లేవక మగతగా నున్నను, మూర్ఛ వచ్చినను, తలపై మెత్తని బొప్పి కట్టినను, ఏడుపు ఎంతకును మానకున్నను, దిష్టి తీయుచు కూర్చుండక ఆసుపత్రికి పోవలెను. దిష్టి తరువాత తీసికొనవచ్చును.

ఎత్తైన బల్ల చెడ్డదని మేమనము. నేలమీద కూర్చుండు వాడుక లేని దేశములలో, ఇంటి నేల మంచువలె చల్లగా నుండు దేశములలో అది పుట్టినది. వారు దానికి నాలుగువైపుల అంచులు కట్టి, బిడ్డ నడుమునకు పట్టీ వేసి, ఆ పట్టీని సైతము నమ్మక ఒకచేయి బిడ్డమీదనే యుంచవలెనని తల్లులకు నేర్పుదురు. మన వారికి నేల యున్నది. అంతకు మించి అమ్మమ్మ కాళ్ళున్నవి. కాళ్ళు చాపుకొని కూర్చుండి, రెండు పిక్కల నడుమ బిడ్డను వెల్లకిల పండబెట్టుకొని, నీళ్ళు పోయుటయు, తుడుచుటయు, గుడ్డ కట్టుటయు కూర్చున్న చోటనే ముగించు పెద్దమ్మల పనితనమును చూచినవారికి, ఆ కాళ్ళకంటె మంచి బల్లను ఏ వడ్రంగియు చేయలేడని తోచకపోదు. అచ్చటనుండి బిడ్డ పడినను జానెడెత్తు పడును.

అయినను ఒక సందర్భమున నేల పనికిరాదు. కడుపు కోసి బిడ్డను తీసిన బాలింతరాలికి కొన్ని వారములవఱకు క్రింద కూర్చుండి లేచుట కష్టము. ఇది అరుదైన సంగతి కాదు. 2019-21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, అంతకు ముందటి అయిదేండ్ల కాన్పులలో నూటికి తెలంగాణమున 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 శస్త్రచికిత్సతో జరిగినవని తేలినది. ఇట్టి తల్లిని చాపమీద కూర్చుండుమనుట న్యాయము కాదు. ఆ వారములలో గుడ్డలు మార్చుట ఇతరులు చేయవలెను. బిడ్డను అందించువారు వేఱొకరు, పాలిచ్చునది తల్లి. ఎవరును లేక తానే చేసికొనవలసినచో, మంచము ప్రక్క నిలువబడి వంగరాదు; మంచముమీదనే గోడ కానుకొని, కాళ్ళు చాచి కూర్చుండి, బిడ్డను అంచున గాక పక్క నడుమ పండబెట్టుకొనవలెను. కుట్లు మాని, క్రింద కూర్చుండి లేచుటకు వైద్యురాలు అనుమతించిన తరువాత నేలకు దిగవచ్చును. మోకాళ్ళ నొప్పులు గల అత్తగారికి సైతము ఈ పద్ధతియే తగును.

ఇక తావును గూర్చి. మొదటగా వెలుతురు చూడవలెను. కిటికీనుండి పగటి వెలుగు పడు మూల మంచిది. ఎండ బిడ్డ కన్నులలో పడరాదు, గాలి నేరుగా బిడ్డపై వీవరాదు. ఎందులకింత వెలుతురని అడుగుదురు. ఆ సంగతి ముందు రాగలదు, అదియే ఈ వ్రాతలో ముఖ్యమైన భాగము. రెండవది, ఆ తావు నడవరాదు; అనగా ఈ దినము ఈ గదిలో, రేపు ఆ గదిలో ఉండరాదు. మూడవది, చేతులు కడుగుకొను చోటు నాలుగడుగులలో నుండవలెను. వంటగదిలో గాని, మంచినీళ్ళబిందె దగ్గఱ గాని ఈ పని కూడదు. ఫ్యాను క్రిందను కూడదు. తడిసిన బిడ్డ వడవడ వణకును.

చాప పఱచి, దానిపై పాతచీరల బొంతను నాలుగు మడతలుగా వేసి, బొంతపై రబ్బరుగుడ్డ, రబ్బరుగుడ్డపై మెత్తని నూలుగుడ్డ వేయవలెను. రబ్బరుగుడ్డ బిడ్డ ఒంటికి తగులరాదు, చెమర్చి పొక్కును. నూలుగుడ్డ మాత్రము తడిసినప్పుడెల్ల మార్చవలెను. కుడిచేతి వాటమువారు కుడిప్రక్కను ఒక వెడల్పు బుట్ట నుంచుకొని, అందు మడిచిన పొత్తిగుడ్డలో డైపరులో ఆఱు, తుడుచుటకు దూది లేక చిన్న గుడ్డముక్కలు, మూతగల గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, పూతమందు, ఒక జత చొక్కా ఉంచవలెను. ఎడమప్రక్కను, బిడ్డ కాళ్ళకు అందనంత దూరమున, విడిచిన గుడ్డలకు మూతగల బకెట్టు. ఇంతే సామగ్రి. పాత యిండ్లలో ఇట్టి మూలలందు గోడగూళ్ళుండెడివి. ఇప్పటి యిండ్లలో లేవు గావున బుట్ట. బుట్టలోనివి ఎప్పటికప్పుడు నింపుట ఎవరి పనియో ఇంటిలో ముందే ఏర్పఱచుకొనవలెను. మా మతములో అది బిడ్డ తండ్రి పని. ఆయన సాయంకాలము ఇంటికి రాగానే ఆఱిన గుడ్డలు తీసి మడిచి బుట్టలో పెట్టినచో ఆయన గౌరవమునకు లోపము రాదు.

వేడినీళ్ళ ఫ్లాస్కు, పిన్నీసులు, నాణెములు, ప్లాస్టికు సంచులు, మందుసీసాలు ఆ చాప దరిదాపులకు రారాదు. పిన్నీసులతో గుడ్డ బిగించు కాలము పోయినది. ముడి వేయవచ్చును, అంటించు పట్టీలు గల లంగోటీలును దొరకుచున్నవి. బిడ్డ ఊరకుండునని పౌడరుడబ్బాను చేతికిచ్చుట మఱియు చెడ్డది. మూత ఊడి ఆ పొడి ముక్కులోనికి పోయినచో ఊపిరితిత్తులకు హాని. అసలు గజ్జలలో పౌడరు చల్లవలసిన అవసరమే లేదు. చెమ్మతో కలిసి ముద్దకట్టి ఒరయును. అయినను మన వారికి పౌడరు లేక బిడ్డ బిడ్డవలె కనబడదు!

గుడ్డలకు మెత్తబడిన పాత నూలుచీరలు, పంచెలు ఉత్తమము. తెల్లనివైనచో ఇంకను మంచిది. అయితే ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఆ పాతచీరలు ఏండ్ల తరబడి పెట్టెలలో కలరా ఉండల నడుమ నుండును. పురిటికి వానిని దీసి చింపి అట్లే కట్టుదురు. ఆ ఉండలలోని నాఫ్తలీను ఆవిరి గుడ్డకు పట్టియుండును. జీ6పీడీ అను పదార్థము రక్తములో పుట్టుకతోనే కొఱవడిన బిడ్డలు కొందఱు కలరు. చూచుటకు ఆరోగ్యముగానే యుందురు. అట్టి బిడ్డకు ఈ ఆవిరి సోకినచో రక్తకణములు విఱిగి, కామెర్లు తీవ్రముగా రావచ్చును. కాబట్టి పెట్టెలోని గుడ్డలను నెలలు నిండకమునుపే తీసి, సబ్బుతో ఉతికి, వాసన లేశమును మిగులకుండ కొన్నిదినములు ఎండలో వేసి గాని వాడరాదు. బిడ్డ గుడ్డలున్న పెట్టెలో ఆ ఉండలు ఎన్నడును వేయరాదు. ఎండిన వేపాకు చాలును.

బిడ్డల పెంపకమును గూర్చి మన పూర్వులు శ్రద్ధతో వ్రాసియున్నారు. ఆయుర్వేదమున ఎనిమిదంగములలో కౌమారభృత్య మొకటి. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయమున బిడ్డ యుండవలసిన గదిని గూర్చి చెప్పుచు, మలమూత్రములు తగిలిన పక్కగుడ్డలను విడిచివేయవలెననియు, వేఱు గుడ్డలు లేనివారు వానినే బాగుగా ఉతికి, ధూపము వేసి, శుభ్రముగా ఆఱిన పిదప వాడవచ్చుననియు చెప్పబడినది. లేనివారి మాట తలచుకొని వ్రాసిన ఆ వాక్యము మాకు మిక్కిలి ప్రియము. ధూపమును గూర్చి మాత్రము ఒకమాట. అందు ధూపము చెప్పినది గుడ్డలకు. మనము సాంబ్రాణిపొగను బిడ్డ మొగముమీదికే విసరుచున్నాము. ఆ పొగ చిన్న ఊపిరితిత్తులకు పడదని వైద్యులు గట్టిగా చెప్పుచున్నారు. గుడ్డలకును ఎండయే చాలినంత. మా కోనసీమలో శ్రావణ భాద్రపదములందు ఎండ దొరకదు, దండెముమీది గుడ్డ రెండు దినములకును ఆఱదు. అప్పుడు గుడ్డల లెక్క పెంచుకొనవలెను: ఎండకాలమున రెండు డజనులు చాలినచోట వానకాలమున నాలుగు. చెమ్మ మిగిలినవానిని ఇస్తిరి చేసి వేడి యాఱిన తరువాత కట్టవలెను.

మార్చు విధానమును గూర్చి విస్తరింపము, చేతులకే అలవడును. మఱువరానివి మాత్రము చెప్పెదము. ఆడుబిడ్డను ముందునుండి వెనుకకే తుడువవలెను. వెనుకనుండి ముందునకు తుడిచినచో మలములోని క్రిములు మూత్రమార్గమున చేరును. తుడిచినపిదప తడి పూర్తిగా ఆఱనిచ్చి గుడ్డ కట్టవలెను. ఈ రెండు నిమిషములే పొక్కులకు మంచి మందు. బొడ్డు ఊడువఱకు గుడ్డను దానికి దిగువగా మడిచి కట్టవలెను, బొడ్డుపై బూడిద, పసుపు, నూనె ఏదియు వేయరాదు. కాళ్ళు చాపి బిగించి చుట్టరాదు; కప్ప కాళ్ళవలె ఎడముగా మడిచియుండుటయే పసిబిడ్డ తుంటికీళ్ళకు హితము. మన వారు బిడ్డను చంక నెత్తుకొను పద్ధతియు అందుకు అనుకూలమే. గజ్జలు ఎఱ్ఱబడినచో జింకు ఆక్సైడు కలిసిన పూతమందు దట్టముగా వ్రాసి, గుడ్డ లేకయే కొంతసేపు గాలికి వదలవలెను. చర్మపు మడతల లోతున ఎఱ్ఱన మఱింత ముదిరి, చుట్టును చిన్న చిన్న చుక్కలు తేలినచో అది బూజుజాతి క్రిమి పని. దానికి వేఱుమందు కలదు, వైద్యుని అడుగవలెను.

ఇప్పుడు వెలుతురు మాట. మాటలురాని బిడ్డ తన సుఖదుఃఖములను పొత్తిగుడ్డమీదనే వ్రాసి చూపును. చదువుకొనుట మన పని. మా ఇంటివారు బడిపంతులు గావున మాకు పలకలకు, సుద్దముక్కలకు కొదవ లేదు. చాపకు పైన గోడకు ఒక పలక తగిలించి, బిడ్డ మూత్రము పోసినప్పుడెల్ల ఒక గీతయు, విరేచనమైనప్పుడెల్ల ఒక సున్నయు పెట్టుట మేము మొదటినుండి చేసిన పని. రాత్రి తుడిచి మఱునాడు మరల మొదలు. పాలు చాలుచున్నవా లేదా యను బెంగ పడని బాలింత లేదు. "పాలు చాలవు, డబ్బాపాలు పట్టుము" అను వారు వచ్చి పోవుచునే యుందురు. వారికి ఆ పలకయే సమాధానము. మొదటి దినము ఒకటిరెండు గీతలు, పిమ్మట దినదినమునకు ఒక్కొక్కటి పెరుగుచు, ఆఱవ దినమునుండి ఆఱు గాని అంతకు మించి గాని గీతలున్నచో, బిడ్డయు బరువు పెరుగుచున్నచో పాలు చాలుచున్నవి. మొదటి రెండు మూడు దినములు గుడ్డపై ఇటుకపొడివంటి మరక కనబడిన భయపడ నక్కరలేదు. అయిదవ దినము దాటినను అది కనబడుచున్నచో పాలు చాలుటలేదేమో చూపించుకొనవలెను.

విరేచనపు రంగు మొదట నలుపు, జిగటగా తారువలె నుండును. మూడు నాలుగు దినములకు పచ్చబాఱి, అయిదవ దినమునకు ఆవపిండి ముద్దవలె పసుపువన్నెకు తిరుగును. తల్లిపాలు త్రాగు బిడ్డకు పాలుత్రాగినప్పుడెల్ల అగుట కలదు, నెల దాటిన పిమ్మట నాలుగైదు దినములు కాకుండుటయు కలదు. మెత్తగా నున్నంతకాలము రెండును సహజములే. కాని అది సుద్దవలె తెల్లగా గాని, పాలిపోయిన బూడిదవన్నెగా గాని యున్నచో ఒక్కదినమును ఆగరాదు. పసిబిడ్డ మూత్రము సాధారణముగా గుడ్డకు రంగు అంటనంత తేటగా నుండును. అది ముదురు పసుపై గుడ్డకు మరక పట్టుచున్నను, పుట్టుకతో వచ్చిన కామెర్లు 14 దినములు దాటినను తగ్గకున్నను అంతే. కాలేయమునుండి పిత్తము దిగు నాళములు మూసికొనిపోవు జబ్బొకటి కలదు. దానిని బైలియరీ అట్రీషియా అందురు. అరుదైనదే, కాని వచ్చిన బిడ్డకు ప్రాణాంతకము. జపాను వైద్యుడు మోరియో కసాయి 1950 దశాబ్దమున దానికి ఒక శస్త్రచికిత్స కనిపెట్టెను. బిడ్డకు 60 దినములు నిండకమునుపు చేసినచో అది ఫలించు అవకాశము హెచ్చు. ఇట్టి బిడ్డలు మొదటి వారములలో పాలు త్రాగుచు, ఆడుకొనుచు, చక్కగానే కనబడుదురు. కనబడని దొకటే, గుడ్డమీది పసుపువన్నె. పచ్చని దీపపు కాంతిలో తెలుపును పసుపే యనుకొందుము. పగటి వెలుగున, తెల్లనిగుడ్డమీద చూచినచో పొరపాటుపడము. కామెర్లకని పసరు పోయించుచు, పథ్యములు మార్చుచు ఆ అఱువది దినములను పోగొట్టుకొనరాదని మేము ప్రతి బాలింత చెవిలోను చెప్పుచున్నాము.

కొన్న డైపరులను గూర్చి మా అభిప్రాయము అడుగువారు కలరు. మేము వానికి పగవారము కాము. 1951లో అమెరికాలో మేరియన్ డానవన్ అను తల్లి, మొదట స్నానపుగది తెరను కత్తిరించి కుట్టి చూచి, పిన్నీసులకు మాఱు గుండీలు పెట్టి, తడి పక్కకు దిగని పైతొడుగునకు పేటెంటు పొందెను. రాత్రులు పక్కగుడ్డలు ఉతికి ఉతికి విసిగిన స్త్రీ బుద్ధియది. నేటి డైపరులోపల సోడియం పాలీయాక్రిలేటు అను పొడి యుండును. తన బరువునకు ఎన్నోరెట్లు నీటిని పీల్చి ముద్దగా మాఱును. అందుచే మూత్రపు తడి చర్మమునకు అంటదు. మలమునకు మాత్రము ఆ పొడి యేమియు చేయజాలదు. అది చూచినక్షణమే మార్చవలెను. మూత్రమైనను మూడు నాలుగు గంటలకు మించి ఉంచరాదు. బస్సు ప్రయాణమునకు, రాత్రికి, ఎడతెగని వానకు డైపరు. పగలు ఇంట నూలుగుడ్డ. ఉద్యోగమునకు పోవు తల్లి దినమంతయు డైపరే కట్టినను ఆమెను ఎవరును సాధింపరాదు. పలకమీద గీతలు పెట్టు దినములలో మాత్రము గుడ్డయే స్పష్టము. డైపరులో తడి తెలియదు.

విడిచిన డైపరులను ఏమి చేయుచున్నామో చూడుడు. మా కాలువల గట్లవెంట నడచినవారికి చెప్పనక్కరలేదు. లాకుల దగ్గఱ అవి ఉబ్బి తేలుచున్నవి. ఆ నీరే దిగువ ఊరివారు బిందెలతో తీసికొనుచున్నారు. అందలి మలమును మొదట మరుగుదొడ్డిలో రాల్చి, డైపరును లోపలికి చుట్టి, పాత కాగితములో గట్టిగా పొదిగి, వేఱుగా చెత్తబండివారి చేతికి ఇయ్యవలెను. వాడిన డైపరులను గట్టిగా పొదిగి ఇయ్యవలెనని 2016వ సంవత్సరపు ఘనవ్యర్థముల నిబంధనలలోనే వ్రాసియుండిరి. మరుగుదొడ్డిలో డైపరునే వేసినచో గొట్టము పూడిపోవును. ఆ చెత్త నేరు మనిషియు మనవంటి స్త్రీయే. విప్పి చూడవలసిన దుస్థితి ఆమెకు కలిగింపరాదు.

పసిబిడ్డ మలము మలమే కాదని మనలో ఒక ముద్దుమాట కలదు. ముద్దునకు సరే. క్రిములకు ఆ తేడా తెలియదు. గుడ్డ మార్చిన ప్రతిమాఱు సబ్బుతో చేతులు కడుగవలెను, కొంగునకు తుడుచుకొని పాలకలశము పట్టరాదు. బిడ్డను విడిచి చేతులు కడుగుకొన పోవుటెట్లందురా? నేలమీది బిడ్డను ఆ నాలుగడుగుల దూరము విడిచి పోవుటకు భయము లేదు, కుక్క పిల్లి రాకుండ తలుపు చేరవేసిన చాలును. బల్లమీది బిడ్డను విడువజాలము. మేము నేలను మెచ్చుకొనుటకు ఇదియు నొక కారణము.

రాత్రిపూట ఈ తావు విలువ తెలియును. అన్నియు ఒకచోట, ఒకే వరుసలో నున్నచో మూడవ జామున చీకటిలోనైనను తండ్రి లేచి, చిన్నదీపము వెలుగున, ఎవరినీ లేపి "గుడ్డలెక్కడ?" అని అడుగకుండ పని ముగింపగలడు. పదేండ్ల అక్క సైతము బడినుండి వచ్చి చేయగలదు. గుడ్డలు ఎక్కడనున్నవో తల్లికొక్కతెకే తెలిసిన యింట తల్లికొక్కతెకే నిద్ర లేదు. మగవారికి ఈ పని చేతగాదను మాటను మేము అంగీకరింపము. మా ఇంటివారు నలుబదిమంది పిల్లల చేత ఎక్కములు చెప్పింపగలవారు. ఒక్క బిడ్డకు లంగోటీ కట్టుట రెండు దినములలో నేర్చిరి. మొదటి దినము ముడి బిడ్డ చంకల దాక వచ్చినది.

ఎనిమిదవ నెల దాటిన తరువాత బిడ్డ ఆ చాపమీద నిలువదు. సగము తుడిచియుండగనే తిరిగి, ప్రాకి గుమ్మము చేరును. అప్పుడు ఒక మరగిన్నెయో కొయ్యబొమ్మయో ఈ పనికే ప్రత్యేకించి బుట్టలో దాచియుంచి, పండబెట్టినప్పుడు మాత్రమే చేతికియ్యవలెను. ఏడాది నిండినచో నిలువబెట్టియే మార్చుకొనవచ్చును. అంతవఱకు చాప తీయనక్కరలేదు. బొంతను మాత్రము వారమునకు రెండుమాఱులు ఎండలో వేయవలెను.